నర్సంపేట నుంచి: ఎంపీసీకి మోడల్ స్కూలా, హన్మకొండ కాలేజీయా, గురుకులమా?

నర్సంపేట నాన్న:
అందరికీ నమస్తే. నేను ఆర్టీసీ కండక్టర్‌ని, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి జడ్పీ హైస్కూల్లో పది చదువుతోంది. లెక్కలంటే ప్రాణం. సార్ ఇచ్చిన లెక్కలు అయిపోతే పక్కింటి పిల్లాడి ఇంటర్ పుస్తకం తెచ్చుకుని కూర్చుంటుంది. ఎంపీసీయే తీసుకుంటానంటోంది. ప్రైవేటు కాలేజీ ఫీజులు నా జీతానికి అందవు, సర్కారు వాటిలోనే మంచిది చూడాలి.

మోడల్ స్కూల్ ఇంటికి దగ్గర. హన్మకొండ జూనియర్ కాలేజీకి పంపితే మహాలక్ష్మి వల్ల బస్సు చార్జీ ఉండదు గానీ, పోను రాను రోజుకు మూడు గంటలు పోతాయి. గురుకులంలో సీటు రావాలంటే ఎంట్రన్స్ రాయాలి, హాస్టల్లో ఉండాలి.

మూడు చోట్లా బోర్డు మీద ఎంపీసీ అనే ఉంది. నా భయమంతా ఆ బోర్డు గురించే. మా మేనల్లుణ్ణి ఒక కాలేజీలో ఎంపీసీలో చేర్పించాం. ఫిజిక్స్ పోస్టు ఖాళీ అని చేరాక తెలిసింది. గెస్ట్ లెక్చరర్ వచ్చేసరికి దసరా దాటింది. వాడు ఆ ఏడు ఫిజిక్స్ తప్పాడు, తర్వాత చదువు మీద మనసే పోయింది. మా అమ్మాయికి అలా కాకూడదు. నా డ్యూటీ హైదరాబాద్ రూట్లో. వరంగల్ ఎన్ఐటీ దగ్గర పిల్లలు బస్సెక్కినప్పుడల్లా మా అమ్మాయీ అక్కడ చదవాలనిపిస్తుంది, వెంటనే మేనల్లుడి సంగతి గుర్తొస్తుంది. ఏం చూసి ఎంచుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫిజిక్స్ సార్, హన్మకొండ:
తమ్ముడూ, ముప్పై ఏళ్ళు సర్కారు కాలేజీల్లోనే ఫిజిక్స్ చెప్పాను. ఈ మూడు చోట్లా సిలబస్ ఇంటర్ బోర్డుదే, పుస్తకాలూ అవే. తేడా అంతా చెప్పే మనిషిలో, సిలబస్ దాటి ఏం చేయిస్తున్నారన్న దానిలో ఉంటుంది.

పనిరోజు చూసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళు. ఎంపీసీ ఉందా అని అడగకు. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎవరు చెబుతున్నారు, రెగ్యులరా గెస్టా, పోయిన ఏడు ఏ నెలలో వచ్చారు అని అడుగు. సెకండియర్ ఎంపీసీలో ఎంతమంది మిగిలారో కూడా అడుగు. మోడల్ స్కూల్లో గ్రూపుకు 40 సీట్లు. ఫస్టియర్‌లో ముప్పై మంది చేరి సెకండియర్‌కు పన్నెండు మందే మిగిలితే, మిగతావాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో పిల్లలే చెబుతారు. ప్రిన్సిపాల్ గదిలో కంటే వరండాలో నిజం తొందరగా దొరుకుతుంది.

తర్వాత ల్యాబ్ తెరిచి చూపించమను. నేను పని చేసినన్నాళ్ళూ సెకండియర్‌లో ఫిజిక్స్‌కు 30, కెమిస్ట్రీకి 30 ప్రాక్టికల్ మార్కులుండేవి. వాటిని ఊరికే వేసే అలవాటున్న చోట వెర్నియర్ కాలిపర్స్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంటాయి. అలాంటి చోట ఫిజిక్స్ లేనట్టే లెక్క.

ఇక ఎంట్రన్స్‌ల సంగతి. మన రాష్ట్ర ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలుంటే 80 లెక్కలే. 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా లేదు. నువ్వు అనుకుంటున్న ఎన్ఐటీకి జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో చోటో కూడా ఉండాలి. అందుకని జేఈఈ లెక్కలు వారానికి ఎన్ని గంటలు చేయిస్తారో, టైంటేబుల్లో అది ఎక్కడుందో చూపించమను. టైంటేబుల్లో లేకపోతే లేదనే అనుకో.

ఇంకోటి. కొన్ని చోట్ల ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) కూడా ఉంటుంది. అందులోనూ లెక్కలున్నాయి, సీఏ వైపు వెళ్ళొచ్చు. అమ్మాయికి ఇష్టం లెక్కలా, ఇంజినీరింగా? ఒక్కసారి అడిగి చూడు.

గురుకుల విద్యార్థిని:
అంకుల్, నేను గురుకులంలోనే ఇంటర్ చదివాను, ఇప్పుడు బీటెక్. మాకు పొద్దున ఐదింటికి స్టడీ అవర్, కాలేజీ అయ్యాక జేఈఈ క్లాసు, వారం వారం టెస్టు. తప్పు చేసిన లెక్క మా మేడమ్ మళ్ళీ చేయించేవరకు వదిలేది కాదు. ఇంట్లో ఉంటే నాకు అంత చదువు అయ్యేది కాదు. కానీ మొదటి రెండు నెలలు రోజూ ఏడ్చాను, అది కూడా ఆలోచించండి.

ఫ్లెక్సీల మీద ర్యాంకులు చూసి నమ్మకండి. అవి గురుకులాలను నడిపే సొసైటీ మొత్తానివి. మీ అమ్మాయికి వచ్చే క్యాంపస్ నుంచి ఎంతమందో అడగండి. అన్ని క్యాంపస్‌లలో ఒకేలా చెప్పరు.

నిర్మల్ అమ్మ:
అన్నా, బాసర ట్రిపుల్ ఐటీని మర్చిపోకండి. మా బాబు అక్కడే ఉన్నాడు. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు. మన సర్కారు బడి పిల్లలకు కొంత అదనంగా కలుపుతారు. రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు. అయితే పదో తరగతిలోనే ఇంజినీరింగ్ అని తేల్చేసుకున్నట్టు అవుతుంది. మావాడికి ముందే ఇష్టం కాబట్టి సరిపోయింది.

నర్సంపేట నాన్న:
సార్, నిన్న వీక్లీ ఆఫ్ ఉంటే అమ్మాయిని తీసుకుని మోడల్ స్కూల్‌కు వెళ్ళాను. మీరు చెప్పినట్టే పిల్లలను అడిగాను. సెకండియర్ ఎంపీసీలో పద్నాలుగు మంది ఉన్నారు. మ్యాథ్స్ మేడమ్ రెగ్యులర్, ఆరేళ్ళుగా అక్కడే. ఫిజిక్స్‌కు గెస్ట్, కానీ జూన్‌లోనే వచ్చారట. జేఈఈ గంట టైంటేబుల్లో లేదు. ఆ మాట ప్రిన్సిపాలే నిజాయితీగా చెప్పారు, నాకు గౌరవం కలిగింది.

ల్యాబ్ తెరిచే ఉంది. ఇద్దరమ్మాయిలు టైట్రేషన్ చేస్తున్నారు. మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడి చూస్తుంటే ఒకమ్మాయి లోపలికి పిలిచి బ్యూరెట్ చేతికిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఎంఈసీ గురించి అడిగాను. "నాన్నా, నాకు లెక్కలతో పాటు అదీ కావాలి" అంది ల్యాబ్‌ను తలుచుకుని. అంటే ఎంపీసీయే.

గురుకులం ఎంట్రన్స్ రాయిస్తాను. సీటు వస్తే ఆ క్యాంపస్ కూడా ఇలాగే చూసి వస్తాం. లేకపోతే మోడల్ స్కూల్లోనే చేర్పిస్తాను. సార్, అప్పుడు జేఈఈ లెక్కలు ఇంటి దగ్గర ఎలా చేయించాలో మళ్ళీ మిమ్మల్నే అడుగుతాను. బాసర సంగతి పది ఫలితాలు వచ్చాక.