డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్‌కి "-డీ": బిల్డ్ స్క్రిప్టులో ఉంచొచ్చా, తీసేయాలా?

నల్లమల64

డెబియన్ ప్యాకేజీలు సొంతంగా కట్టుకునే చోట తరచూ కనిపించే లైన్ ఇది:

డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ -బీ -డీ -యూఎస్ -యూసీ

-బీ అంటే బైనరీ మాత్రమే. -యూఎస్ సోర్సుకి, -యూసీ బిల్డ్‌ఇన్ఫో, ఛేంజెస్ ఫైళ్ళకి సంతకం వద్దని చెప్తాయి. వీటితో పేచీ లేదు. పేచీ అంతా -డీతోనే. కంట్రోల్ ఫైల్లో (ప్యాకేజీ వివరాలుండే ఫైల్) రాసిన బిల్డ్-డిపెండ్స్, అంటే కట్టడానికి కావాల్సిన ప్యాకేజీలు, మెషీన్‌లో ఉన్నాయో లేవో చూడొద్దని దాని అర్థం. ఏదో లైబ్రరీ లేక బిల్డ్ ఆగుతుంది, టూలే "దాటాలంటే -డీ వాడండి" అని మెసేజ్ ఇస్తుంది, అది స్క్రిప్టులోకి ఎక్కి అక్కడే ఉండిపోతుంది. స్క్రిప్టులో దానికి చోటే ఉండకూడదని నా వాదన. ఒప్పుకోనివాళ్ళు కారణాలతో చెప్పండి.

గట్టుమీదబిల్డ్

నేను ఒప్పుకోనండి. డీపీకేజీకి తన డేటాబేస్‌లో ఉన్నదే తెలుసు. కొత్త సీమేక్‌ని /యూఎస్ఆర్/లోకల్‌లో పెట్టుకున్నా, రస్ట్ కంపైలర్‌ని రస్టప్‌తో తెచ్చుకున్నా "లేదు" అనే అంటుంది. కావాల్సింది ఎదురుగా ఉండగా టూల్‌కి కనిపించట్లేదని ఆగిపోవాలా? నిజంగా అవసరమైనది లేకపోతే కంపైల్ ఎలాగూ ఆగుతుంది. హెడర్ ఫైల్ దొరక్కపోతే కంపైలర్ ఊరుకోదు కదా.

ప్యాకేజీపని

"ఎలాగూ ఆగుతుంది" అన్న దగ్గరే తేడా వస్తోంది. చాలా ప్రాజెక్టుల్లో కాన్ఫిగర్ స్క్రిప్టు లైబ్రరీ కనపడకపోతే ఆ ఫీచర్‌ని తీసేసి ముందుకెళ్తుంది. కంపైలర్ దాకా ఆ హెడర్ మాటే రాదు.

మన భాషకే తగిలే ఉదాహరణ చూడండి. బొమ్మలను మార్చే ప్రోగ్రాం ఇమేజ్‌మ్యాజిక్ 7ని సొంతంగా ప్యాకేజీ చేస్తూ కంట్రోల్‌లో లిబ్‌రాక్మ్-డెవ్ (రాక్మ్ లైబ్రరీ హెడర్లుండే ప్యాకేజీ) రాశారనుకుందాం. తెలుగు వత్తులు, గుణింతాలు ఒకదానిలో ఒకటి కలిసి రావాలంటే రాక్మ్ కావాలి. అది లోపల హార్ఫ్‌బజ్‌ని వాడుతుంది. మెషీన్‌లో ఆ డెవ్ ప్యాకేజీ లేదు, -డీ ఇచ్చారు. కాన్ఫిగర్ చివర వేసే పట్టికలో రాక్మ్ వరసలో అడిగినది "యస్", పక్క గడిలో వచ్చినది "నో". కొన్ని వేల లైన్ల లాగ్‌లో అది ఎవరి కంటా పడదు. ఎర్రర్ రాదు, డెబ్ ఫైల్ తయారవుతుంది, ఇన్‌స్టాల్ కూడా అవుతుంది. దానితో బొమ్మ మీద "స్త్రీ" అని రాయిస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం వేటికవి విడివిడిగా పడతాయి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం చక్కగా వస్తాయి కాబట్టి టెస్ట్ చేసినవాళ్ళకీ తెలియదు.

పైగా డిపెండ్స్ వరస కూడా మారిపోతుంది. డీపీకేజీ-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ తయారైన బైనరీని తెరిచి, అది దేనికి లింక్ అయిందో చూసి ఆ వరస రాస్తుంది. రాక్మ్‌కి లింక్ కాలేదు, కాబట్టి లిబ్‌రాక్మ్0 పేరే ఉండదు. తర్వాత మీరు లిబ్‌రాక్మ్0 ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు.

గట్టుమీదబిల్డ్

ఈ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ /యూఎస్ఆర్/లోకల్ సీమేక్ సంగతి తేలలేదు. ఈక్వివ్స్ అనే టూల్‌తో, పేరుకే ఉండే డమ్మీ ప్యాకేజీ చేసి డేటాబేస్‌కి అబద్ధం చెప్పడం కంటే -డీ నిజాయితీగా లేదూ?

నల్లమల64

లేదండి. డమ్మీ ఒక్క పేరుకే అబద్ధం చెప్తుంది. కంట్రోల్‌లో ఇరవై పేర్లుంటే -డీ ఇరవైటినీ వదిలేస్తుంది, బిల్డ్-కాన్‌ఫ్లిక్ట్స్‌తో (కట్టేటప్పుడు ఉండకూడనివి) సహా. ఇవాళ సీమేక్ కోసం ఇచ్చిన -డీ రేపు ఎవరో కంట్రోల్‌లో కొత్త పేరు చేరిస్తే దాన్నీ దాటేస్తుంది.

మామూలు దారి ఇంకా తేలిక. సోర్సు డైరెక్టరీలో నిలబడి "ఆప్ట్-గెట్ బిల్డ్-డెప్ ./" అంటే కంట్రోల్ చదివి అన్నీ తెస్తుంది. పని అయ్యాక ఒక్క దెబ్బకి తీసేయాలంటే డెవ్‌స్క్రిప్ట్స్‌లోని "ఎంకే-బిల్డ్-డెప్స్ -ఐ -ఆర్" మంచిది. సోర్సు పేరు చివర "-బిల్డ్-డెప్స్" అని ఒక ప్యాకేజీ కట్టి పెడుతుంది. దాన్ని పర్జ్ చేసి ఆటోరిమూవ్ ఇస్తే అది తెచ్చినవి పోతాయి. ఇక్కడ -ఆర్ తీసేది ఆ డెబ్ ఫైల్‌నే, ఇన్‌స్టాల్ అయినదాన్ని కాదు.

ఏఆర్ఎం_పోర్టు

ఇద్దరూ వదిలేసిన సందర్భం ఒకటుంది: సోర్సు ప్యాకేజీ మాత్రమే కట్టడం. లాంచ్‌ప్యాడ్ పీపీఏ (ఉబుంటుకి సొంత ప్యాకేజీలు పంచే చోటు) సోర్సునే తీసుకుంటుంది, బిల్డ్ అక్కడి శుభ్రమైన క్రూట్‌లో (మిగతా సిస్టమ్‌తో కలవని విడి వాతావరణం) జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో లైబ్రరీలన్నీ ఎందుకు? ఇక్కడ "-పెద్ద ఎస్ -డీ" న్యాయమే. అయితే రూల్స్ ఫైల్లోని (బిల్డ్ మెట్లు రాసే ఫైల్) క్లీన్ టార్గెట్ నడుస్తుంది కాబట్టి అందులో వాడే డెబ్‌హెల్పర్ టూల్స్, అది పిలిచే యాడాన్లు ఉండాలి. అవీ వద్దంటే క్లీన్ వద్దని చెప్పే -ఎన్‌సీ ఇవ్వండి. పెద్ద ఎస్‌తో కలిస్తే -డీ దానంతటదే వస్తుంది. అప్పుడు సోర్సు డైరెక్టరీ కొత్తగా చెకౌట్ చేసినదై ఉండాలి. పాత బిల్డ్ ఆబ్జెక్ట్ ఫైళ్ళు మిగిలి ఉంటే డీపీకేజీ-సోర్స్ ఆ మార్పులను ప్యాచ్‌గా రాయలేక ఆగుతుంది. పీపీఏకి సంతకం తప్పనిసరి, అందుకని -యూఎస్, -యూసీ తీసేయాలి.

ఏఆర్ఎం64కి క్రాస్ బిల్డ్ (వేరే రకం ప్రాసెసర్ ఉన్న మెషీన్ మీద కట్టడం) చేస్తూ టెస్టులకే పనికొచ్చే లైబ్రరీల కోసం -డీ ఇచ్చేవాళ్ళున్నారు. అది తప్పు. "-పెద్ద పీ క్రాస్,నోచెక్" ఇస్తే కంట్రోల్‌లో <!నోచెక్> గుర్తున్నవి మాత్రమే లెక్కలోంచి పోతాయి. డెబ్_బిల్డ్_ఆప్షన్స్‌లో నోచెక్ పెట్టడం వేరే సంగతి. అది టెస్టులను నడపొద్దంటుంది, డిపెండెన్సీలను తీయదు. రెండూ కలిపి పెట్టండి.

ఇంకో జాగ్రత్త: శుభ్రమైన క్రూట్‌లో కట్టే టూల్ ఎస్‌బిల్డ్‌లో -డీ అంటే డిస్ట్రిబ్యూషన్ పేరు. స్క్రిప్టు మార్చేటప్పుడు ఆప్షన్లు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయకండి.

గట్టుమీదబిల్డ్

సరే, సోర్సు బిల్డ్‌కి వేరే స్క్రిప్టు, బైనరీ స్క్రిప్టులో -డీ తీసేద్దాం. కోడ్ మారుస్తూ మళ్ళీ మళ్ళీ కట్టేటప్పుడు "-బీ -ఎన్‌సీ -డీ" చేత్తో టైప్ చేసుకోవడం మాత్రం మానను. ఆ డెబ్ ఎవరికీ పంపేది కాదు. మరి ఇప్పటికే -డీతో కట్టి పంచిన ప్యాకేజీల మాటేమిటి? దేనిలో ఏది తగ్గిందో ఎలా పట్టుకోవడం?

ప్యాకేజీపని

బిల్డ్‌ఇన్ఫో ఫైల్ ఉంచి ఉంటే అందులో ఇన్‌స్టాల్డ్-బిల్డ్-డిపెండ్స్ వరస చూడండి. -డీ వాడినట్టు అందులో రాయదు, కానీ కంట్రోల్‌లో ఉండి అక్కడ లేని పేరే మీకు కావాల్సింది. అది లేకపోతే శుభ్రమైన క్రూట్‌లో మళ్ళీ కట్టి, పాత డెబ్, కొత్త డెబ్ రెండూ డెబ్‌డిఫ్‌కి ఇవ్వండి. డిపెండ్స్‌లో తేడా ఉంటే చూపిస్తుంది. డీఎల్‌ఓపెన్‌తో నడిచేటప్పుడు తెరుచుకునే లైబ్రరీలు దీనికి దొరకవు, వాటిని ప్రోగ్రాం నడిపే చూడాలి.

ఇమేజ్‌మ్యాజిక్‌కైతే "మ్యాజిక్ -వెర్షన్" ఇచ్చి డెలిగేట్స్ వరసలో రాక్మ్ ఉందేమో చూస్తే చాలు. ముందు ముందు జరగకుండా రూల్స్‌లో, డీహెచ్_ఆటో_కాన్ఫిగర్ అయిన వెంటనే కాన్ఫిగ్.హెచ్‌లో "#డిఫైన్ రాక్మ్_డెలిగేట్" కోసం గ్రెప్ -క్యూ పెట్టండి. ఆ లైన్ లేకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది, ఎవరు -డీ ఇచ్చినా సరే.