పాత తూటాల పెట్టెలకు పాలిష్ వేయించాలా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలా?

బరంపురం_బుజ్జి:
అందరికీ నమస్కారం. మాది బరంపురం, ఇల్లు గోపాల్‌పూర్ రోడ్డు వైపు కాబట్టి సముద్రపు గాలి బాగానే తగులుతుంది. నా దగ్గర పాత మిలిటరీ తూటాల పెట్టెలు రెండున్నాయి, రెండూ ఖాళీవే. ఒకటి చెక్కది, పట్టుకోవడానికి రెండు పక్కలా తాళ్లు, లోపల రేకు తొడుగు, మూత మీద బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం, ఇంకా సగం చెరిగిపోయిన నల్ల రాతలు. రెండోది ఆకుపచ్చ ఇనప డబ్బా, మూతకి లోపల రబ్బరు ఉంది. చెక్క పెట్టె అడుగున సన్నటి చిల్లులు కనిపిస్తున్నాయి, డబ్బా మూలల్లో తుప్పు మొదలైంది. వడ్రంగేమో చిత్రిక పట్టి వార్నిష్ కొడితే కొత్తదానిలా ఉంటుందంటున్నాడు, ఇంట్లోవాళ్లేమో టీవీ కింద పెడదామంటున్నారు. హాల్లో నలుగురికీ కనిపించేలా పెట్టాలని నా కోరిక, కానీ చేజేతులా పాడు చేస్తానేమోనని టెన్షన్. ఇలాంటివి ఇంట్లో ఉంటే పోలీసులతో ఏమైనా ఇబ్బందా?

పర్లాకిమిడి_చెక్కపని:
ముందు ఆ వడ్రంగిని ఆపండి గురూ. బాణం గుర్తు బ్రిటిష్ సర్కారు సొత్తుకు వేసే ముద్ర, కింద ఐ ఉంటే ఇండియాది. దగ్గర్లో కె, ఎఫ్ అక్షరాలు కనిపిస్తాయేమో చూడండి, 1869లో మొదలైన పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ గుర్తు అది. ఆ రాతల వల్లే దానికి విలువ, చిత్రిక పట్టారంటే మామూలు సామాన్ల పెట్టె అయిపోతుంది. పైగా పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఉప్పుకాగితంతో రుద్దితే ఆ దుమ్మంతా ఇంట్లో పిల్లల నోట్లోకే పోతుంది.

చిల్లుల సంగతి. పెట్టెను నల్ల కాగితం మీద కొన్నాళ్లు కదపకుండా ఉంచండి. పిండిలాంటి కొత్త పొడి రాలితే పురుగు ఇంకా తింటున్నట్టే, రాలకపోతే అవి పాత చిల్లులు, వదిలేయండి. పురుగు ఉంటే ప్లాస్టిక్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల దాకా వెళ్లే పెద్ద ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టాలి, తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. తెలిసిన ఐస్‌క్రీం కొట్టువాళ్లుంటే బతిమాలుకోండి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే వాసన తప్ప ఏమీ ఉండదు, పురుగు చెక్క లోపలెక్కడో ఉంటుంది. ఎండలో మాత్రం పెట్టకండి, చెక్క పగులుతుంది. ఆఖర్న మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి పల్చగా మైనం పూయండి, చాలు.

జయపురం_గ్యారేజీ:
డబ్బా గురించి నేను చెప్తా. సముద్రం దగ్గర కాబట్టి మొదట ఉప్పు వదిలించాలి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గుడ్డ ముంచి బాగా పిండి తుడవండి, వెంటనే ఆరబెట్టండి. ఉప్పు మీదే మైనం పూస్తే కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. తుప్పున్న చోట మాత్రమే కుట్టుమిషన్ నూనె, అన్నిటికన్నా సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా, పసుపు రాతల జోలికి వెళ్లకుండా. కారు పాలిష్ వద్దు, చాలావాటిలో గీరే పొడి ఉంటుంది. మూత రబ్బరు ఇంకా బాగుంటే లోపల సిలికా జెల్ వేసి మూసేయండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తడి పీల్చేశాయని అర్థం, వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. చెక్కదానికి మాత్రం మైనం ఎందుకండీ, అవిసె నూనె పట్టిస్తే చక్కగా మెరుస్తుంది కదా.

పర్లాకిమిడి_చెక్కపని:
@జయపురం_గ్యారేజీ, మెరుస్తుంది, కాదనను. కానీ అవిసె నూనె పోనుపోను నల్లబడుతుంది, లోపలికి ఇంకిపోయాక వెనక్కి తీయలేం. మైనమైతే రేపు ఎవరికైనా తీసేయాలనిపిస్తే వస్తుంది. ఇంకోటి, నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.

బరంపురం_బుజ్జి:
థాంక్స్ అండీ ఇద్దరికీ. కొత్త ప్లైవుడ్‌తో అద్దాల షోకేసు చేయించి అందులో పెడితే దుమ్ము బాధ ఉండదు కదా?

పర్లాకిమిడి_చెక్కపని:
వద్దు. కొత్త ప్లైవుడ్ నుంచి, జిగురు నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, మూసిన షోకేసులో అది పోగై జింకు రేకునీ సీసపు మాట్లనీ తెల్లగా తినేస్తుంది. ఇనప స్టాండు మీద, బయటి గోడకు కాస్త ఎడంగా, గాలి ఆడేలా ఉంచితే మేలు. ఎత్తేటప్పుడు ఆ పాత తాళ్లు పట్టుకుని లేపకండి, అడుగు కింద చేతులు పెట్టండి.

సిరోంచ_వాసి:
ఖాళీ పెట్టె తూటా కాదు, ఇంట్లో ఉంటే తప్పేం లేదు. కానీ లైసెన్సు లేకుండా తూటా ఒక్కటున్నా 1959 ఆయుధాల చట్టం కింద కేసే. కాబట్టి రేకు తొడుగు కిందా, మూలల్లోనూ టార్చి వేసి చూడండి, ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా స్టేషన్‌కి ఫోన్ చేయండి. మా గడ్చిరోలిలోనైనా మీ కొరాపుట్, మల్కన్‌గిరి రోడ్ల మీదైనా ఇలాంటిది బైకు వెనక కట్టుకుని వెళితే ఆపి సవాలక్ష ప్రశ్నలడుగుతారు, కొన్న రసీదు, మూత తెరిచి తీసిన ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. 100 ఏళ్లు దాటినదని తేలితే 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, అమెరికాలో ఉన్న చుట్టాలకి పంపుదామనుకోకండి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటిదని చెప్పి మీకు అమ్మి ఉంటే స్క్రూలు చూడండి. ప్లస్ గాడి స్క్రూలు 1930లలో గానీ బజార్లోకి రాలేదు. తర్వాతెవరో మార్చి ఉండొచ్చు కూడా, అన్నీ అవే ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. ఇక టీవీ అంటారా, దాని వేడికి చెక్క ఒకవైపే ఎండి బీటలు వారుతుంది, ఇంట్లోవాళ్లకి ఆ మాట చెప్పి చూడండి.

బరంపురం_బుజ్జి:
స్క్రూలు ఇప్పుడే చూశా, అన్నీ ఒంటి గాడివే. టీవీకి వేరే బల్ల కొంటే సరే అన్నారు ఇంట్లో.