రెండు సీసాల్లోనూ రేణువుల బరువు ఒకటే, టర్బిడిటీ (నీటి మసక) మాత్రం వేరు. ఎందుకని?

కెరటం:
సముద్రపు నీటి నమూనాలు రెండు వడగట్టి, ఆరబెట్టి తూచాను. రెండింటిలోనూ లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాములే. కానీ మీటర్‌లో పెడితే నదీముఖం దగ్గరి సన్న బురద నీరు, అలలు లేపిన ముతక ఒండ్రు నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తోంది. ఫార్మజిన్‌తో (మీటర్లను సరిచూసే ప్రామాణిక మసక ద్రవం) క్యాలిబ్రేట్ చేశాకే చూశాను. లోపం ఎక్కడుంది?

వడపోత:
ఫిల్టర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగారా? ఉప్పు మిగిలితే అదీ బరువులో కలిసిపోతుంది.

కెరటం:
కడిగానండి, మూడుసార్లు.

పాత త్రాసు:
అయితే లోపమేమీ లేదు. కాంతికి రేణువు బరువుతో పనిలేదు, అది ఎంత మేర అడ్డం నిలిచిందన్నదే లెక్క. అదే బరువు ఖనిజాన్ని 20 మైక్రాన్ల గోళాలకు బదులు 2 మైక్రాన్ల గోళాలుగా చేస్తే, అడ్డుపడే మొత్తం వైశాల్యం పది రెట్లవుతుంది. అలాగని ఎంత చిన్నదైతే అంత మసక అనుకోకండి. కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే చెదరగొట్టే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది.

ఇంకోటి. 20 మైక్రాన్ల ఒండ్రు రేణువు నిశ్చలమైన నీళ్లలో నిమిషానికి సుమారు 2 సెంటీమీటర్లు దిగిపోతుంది. మీరు అంకె రాసుకునేలోపే సగం సరుకు అడుక్కి చేరుంటుంది! బురదది వేరే తంటా. ఉప్పునీళ్లలో బంకమన్ను ముద్దలు కడుతుంది, సీసా గట్టిగా కుదిపితే విడిపోతుంది, రీడింగ్ మారిపోతుంది. అందుకే ఎన్‌టీయూని (టర్బిడిటీ కొలమానం) మిల్లీగ్రాముల్లోకి మార్చే రెడీమేడ్ సూత్రం అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ నీటికి ఆ నీటిలోనే రీడింగ్‌కూ బరువుకూ సంబంధం చూపే గీత గీసుకోవాలి.

నురగ:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా దగ్గర ట్రాన్స్‌మిసోమీటర్ (నీటిగుండా ఎంత కాంతి దాటిందో కొలిచే పరికరం) కాంతి బాగా తగ్గిందంటోంది, వెనక్కి చెదిరే కాంతిని కొలిచే సెన్సర్‌లో మాత్రం పెద్దగా చలనం లేదు. అది మట్టి కాదా?

పాత త్రాసు:
వృక్షప్లవకాలు (నీటిలో తేలే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు) అయ్యుండొచ్చు. వాటి ఒళ్లంతా నీళ్లే. నీటితో పోలిస్తే వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.05 దరిదాపుల్లో ఉంటుంది, ఖనిజాలకైతే సుమారు 1.15. అందుకే ప్లవకాలు చెదరగొట్టిన కాంతిలో వెనక్కి తిరిగేది చాలావరకు ఒక శాతంలోపే, మిగతాది ముందుకే పోతుంది. పైగా పత్రహరితం (క్లోరోఫిల్) నీలాన్ని, ఎరుపును మింగేస్తుంది. కోకోలిథోఫోర్లు అనే ప్లవకాలు మాత్రం వేరే జాతి. సున్నపు పలకలు తొడుక్కుంటాయి కాబట్టి కాంతిని బాగా వెనక్కి కొడతాయి. అవి విపరీతంగా పెరిగినచోట సముద్రం పాలు కలిపినట్టు ఉపగ్రహ చిత్రాల్లోనే కనిపిస్తుంది. ముందు క్లోరోఫిల్ కొలిచి చూడండి.

కెరటం:
ముతక నమూనాను కలిపిన వెంటనే చూశాను. రీడింగ్ పెరిగింది, కానీ బురదకు ఇంకా చాలా దూరంలోనే ఉంది.

పాత త్రాసు:
పెరిగినంతా ఇందాక అడుక్కి దిగిన ఒండ్రు. మిగిలిన తేడా రేణువుల సైజుది.