సోడియం ఆ ఎలక్ట్రాన్‌ని ఊరికే ఇచ్చేస్తుందా?

పర్లాకిమిడి ట్యూషన్:
ఉప్పంటే సోడియం, క్లోరిన్ కలిసినది కదా. సోడియం బయటి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్, క్లోరిన్‌కి ఏడు. అది ఇస్తే ఇది పుచ్చుకుంటుంది, రెండింటికీ ఎనిమిది కుదురుతాయి అని పదో తరగతికి చెప్పాను. ఒక పిల్ల వాళ్ల అక్క ప్లస్ టూ పుస్తకం తెచ్చి చూపించింది. మోలుకి (అంటే పరమాణువుల ఒక నిర్ణీత లెక్కకి) సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చట, క్లోరిన్ పుచ్చుకున్నప్పుడు వెలువడేది 349. "మిగతా 147 ఎవరు పెట్టుకుంటారు సార్?" అంది. ఏం చెప్పమంటారు?

బరంపురం మాస్టారు:
ముందు ఆ పిల్లకి నా తరఫున శభాష్ చెప్పండి. పరమాణువుకి కోరికలుండవు. ఎనిమిది కావాలని సోడియం ఏడవదు. విడిగా దూరంగా ఉన్న రెండు పరమాణువుల మధ్య ఈ బదిలీ నష్టమే, అందుకే జరగదు. దగ్గరికొచ్చి అయాన్లయ్యాక, అంటే ఎలక్ట్రాన్ పోయి ఒకటి ప్లస్, వచ్చి ఇంకోటి మైనస్ అయ్యాక, వాటి మధ్య ఆకర్షణ మొదలవుతుంది. అసలు సొమ్ము అక్కడుంది. స్ఫటికంలో ఒక్కో సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. వాయుస్థితిలోని అయాన్లు అలా పేరుకుంటే 787 కిలోజౌళ్లు వస్తాయి. దీన్నే జాలక శక్తి అంటారు. సోడియం లోహాన్ని ఆవిరి చెయ్యడానికి 107, క్లోరిన్ అణువుల బంధం తెంచి మోలు పరమాణువులు విడదీయడానికి 122 కూడా ఖర్చులో వేసినా, చివరికి 411 మిగులు.

హుమ్మ కుర్రాడు:
మాస్టారూ, మాది ఋషికుల్య పక్కన ఉప్పు మడులున్న ఊరు. ఎండకి మడిలో ఉప్పు కట్టేటప్పుడు జరిగేది ఇదేనా? ఇంకోటి, వానాకాలంలో మా ఉప్పు చెమర్చేది మెగ్నీషియం వల్లే అంటారు. మెగ్నీషియం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కదా, సోడియం ఎందుకివ్వదు?

బరంపురం మాస్టారు:
కాదు బాబూ. మడిలో ఎవరూ ఎవరికీ ఎలక్ట్రాన్ ఇవ్వరు. సముద్రపు నీళ్లలో ఉన్నవి ఎప్పుడో అయాన్లయిపోయినవే. నీరు ఆవిరై, అవి వరసకట్టి గడ్డకడతాయి, అంతే. చాలామంది టీచర్లు ఉప్పు మడిని బదిలీకి ఉదాహరణగా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సోడియం రెండో ఎలక్ట్రాన్ లోపలి కక్ష్యలోది. దాన్ని లాగాలంటే 4,562. ఏ జాలకమూ అంత భరించదు. మెగ్నీషియంకి బయటే రెండున్నాయి: 738, తరవాత 1,451. రెండు ప్లస్‌ల అయానుకి ఆకర్షణ ఎక్కువ కాబట్టి ఆ ఖర్చు రాబడుతుంది. మూడోది 7,733, అక్కడ ఆగిపోతుంది. ఎనిమిది దగ్గర ఆగడం వెనక ఉన్న లెక్క ఇదే. ఇక చెమ్మ మాట నిజమే. ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లలో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. అది గాలిలో తేమ లాగుతుంది. నీళ్లు బాగా ఓడ్చని ఉప్పు చెమర్చక ఏం చేస్తుంది?

పర్లాకిమిడి ట్యూషన్:
ఇదంతా పదో తరగతికి చెప్పొచ్చా మాస్టారూ?

బరంపురం మాస్టారు:
అంకెలు ఆ ఒక్క పిల్లకి చెప్పండి. మిగతావాళ్లకి, ఖర్చు తీర్చేది అయాన్ల ఆకర్షణ అని చెబితే చాలు. పరీక్షలో మాత్రం ఎనిమిదే రాయమనండి, మార్కులు దానికే వేస్తారు.