చైనాలో ఆగిన ఫిగర్: ఆర్డర్ రద్దు చేసుకోవాలా?

ప్రశ్న (మార్చి 2020): ఫిబ్రవరిలో రావాల్సిన యానిమే ఫిగర్ (జపాన్ కార్టూన్ పాత్ర బొమ్మ) ఇంకా రాలేదు. షాపు వాళ్లు ‘ఆలస్యం’ అని మెయిల్ పెట్టి ఊరుకున్నారు. డబ్బు వెనక్కి అడగనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: తొందరపడకండి. ఇలాంటివి చాలావరకు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో డాంగ్‌గ్వాన్, షెన్‌జెన్ నగరాల చుట్టూ తయారవుతాయి. జనవరి 25న వచ్చిన చైనా కొత్త సంవత్సరానికి ఊళ్లకెళ్లిన కార్మికులు చాలామంది కరోనా వల్ల అక్కడే చిక్కుకుపోయారు. ఫిబ్రవరి 10 దాకా చాలా ఫ్యాక్టరీలు తెరవనే లేదు. బుగ్గల మీద ఆ లేత గులాబీ రంగు ఒక్కో బొమ్మకీ మనిషే స్ప్రేగన్ పట్టుకుని వేయాలి. అచ్చులు సిద్ధంగా ఉన్నా ఆ చేతులు లేకపోతే పని నడవదు.

ప్రశ్న అడిగినవారు: తయారైతే వెంటనే వస్తుందాండీ?

జవాబు: కష్టమే. విమానాల్లో వచ్చే సరుకులో దాదాపు సగం ప్యాసింజర్ విమానాల్లోనే వస్తుంది. ఇప్పుడు అవే రద్దవుతున్నాయి.

మరొకరు: నాదీ ఆగింది. రద్దు చేసుకుంటే అదే బొమ్మ తర్వాత రెట్టింపు ధర పలకొచ్చు. రసీదు మాత్రం జాగ్రత్త.