యుద్ధం టైంలో ఆర్మీ ఎంత చెప్పాలి, టీవీ ఎంత చూపించాలి?

బరంపురం ఆడపడుచు:
అందరికీ నమస్తే. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా తమ్ముడు ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో ఉన్నాడు, ఇక్కడే గోపాల్‌పూర్ కాలేజీలో కోర్సు చేసి వెళ్ళాడు, ఇప్పుడు పోస్టింగ్ పడమటి బోర్డర్ వైపు, ఎక్కడన్నది రాయను. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు వాడి ఫోన్ కలవలేదు, మా అమ్మ రాత్రంతా తెలుగు న్యూస్ ఛానెళ్ళ ముందే కూచుండిపోయింది. ఒకడు కరాచీ పోర్టు తగలబడిపోయిందంటాడు, ఇంకొకడు ఫలానా ఊరు మనోళ్ళ చేతికి వచ్చీసిందంటాడు, వెనకాల ఒకటే సైరన్ మోత, అది అక్కడ నిజంగా మోగుతోందో స్టూడియోలో వేస్తున్నారో తెలీదు, అమ్మకి బీపీ పెరిగిపోయింది. తెల్లారేక చూస్తే అందులో చాలావరకు అబద్ధమే. అసలు సంగతి తెలిసినవాళ్ళేమో, విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ గారు, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్, గవర్నమెంటు బ్రీఫింగ్‌లో కాసేపు కూచుని నాలుగు ముక్కలు చెప్పి లేచిపోయారు. నేను అడిగేదేటంటే, ఆర్మీకి అన్నీ తెలుసు కదా, అంత కొంచెమే ఎందుకు చెప్తారు? పోనీ టీవీ వాళ్ళనైనా ఆపీవచ్చు కదా? ఇంట్లో మనిషి అక్కడ ఉన్నవాళ్ళు దేన్ని నమ్మాలి?

పర్లాకిమిడి మాజీ సైనికుడు:
అమ్మా, నేను సర్వీసులో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే బాధ, కాకపోతే అప్పుడు ఇన్ని ఛానెళ్ళు లేవు. కొంచెమే చెప్పడానికి కారణం ఉంది. 2008లో ముంబై దాడులప్పుడు గుర్తుందా, కమాండోలు ఎక్కడికి వెళ్తున్నారు, ఏ బిల్డింగ్ మీద దిగుతున్నారు అన్నీ లైవ్‌లో చూపించీసారు, పాకిస్తాన్‌లో కూచున్నవాళ్ళు అది టీవీలో చూసుకుంటూ లోపల ఉన్న టెర్రరిస్టులకి ఫోన్లో చెప్పారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు టీవీ ఛానెళ్ళని ఈ విషయం మీదే గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత కేబుల్ టీవీ రూల్స్‌లోనే పెట్టారు, టెర్రరిస్టుల మీద ఆపరేషన్ నడుస్తుంటే లైవ్ కవరేజ్ కుదరదు, గవర్నమెంటు పెట్టిన ఆఫీసరు అప్పుడప్పుడు చెప్పిందే వెయ్యాలి అని. పహల్గాం తర్వాత 2025 ఏప్రిల్ 26న కూడా అదే గుర్తుచేసి అడ్వైజరీ ఇచ్చారు, బలగాల కదలికలు చూపించొద్దని, మళ్ళీ మే 9న రక్షణ శాఖ ఇంకోసారి చెప్పింది.

ఇది మన దగ్గరే అనుకోవద్దు. 1982లో బ్రిటన్‌కీ అర్జెంటీనాకీ జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ పారాట్రూపర్లు గూస్ గ్రీన్ అనే ఊరి మీద దాడికి ఇంకా దిగకముందే, ఆ పారాట్రూపర్లు అటు వెళ్తున్నారని బీబీసీ వరల్డ్ సర్వీస్ రేడియోలో చెప్పీసింది. ఆ రేడియో అక్కడున్న ఆ కుర్రాళ్ళూ విన్నారు. అప్పుడు వాళ్ళ పరిస్థితి ఎలగుంటుందో ఆలోచించు తల్లీ. అందుకే మీ తమ్ముడు గన్ పక్కన నిలబడి దిగిన ఫోటో కూడా ఎక్కడా పెట్టకండి, వెనకాల ఒక కొండ, ఒక టవర్ కనిపించినా చాలు అవతలివాడు చోటు పట్టీగలడు. 2020లో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు జవాన్ల ఫోన్లలోంచి తీసేయమన్నది ఊరికే కాదు.

రాయగడ రిపోర్టర్:
సుబేదార్ గారూ నమస్తే, మీరు చెప్పింది కాదనను. నేను ఇక్కడ తెలుగు పేపర్‌కి రాస్తాను, మల్కన్‌గిరి అడవుల్లో ఎదురుకాల్పులప్పుడు కూడా చాలాసార్లు వెళ్ళాను. కూంబింగ్ జరుగుతుంటే బలగాలు ఎటు ఉన్నాయో రాయకూడదు, అది ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అయిపోయాక కూడా నోరు విప్పకపోతే ఏమవుతుందో చూడండి. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీర్‌లోని బుద్గాంలో మన హెలికాప్టర్ కూలిపోయింది, ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళూ కింద ఊళ్ళో ఒకతనూ చనిపోయారు, అది మన మిసైల్ తగిలే పడిందని ఎయిర్‌ఫోర్స్ చీఫ్ ఒప్పుకున్నది అక్టోబర్‌లో. అన్ని నెలలు ఆ ఇళ్ళల్లో వాళ్ళు ఏమనుకుని ఉంటారు?

సిందూర్‌లో కూడా అంతే. మన విమానాలు పడ్డాయా లేదా అని ఊరంతా అడుగుతుంటే మే 11న ఎయిర్ మార్షల్ భారతి గారు యుద్ధమన్నాక నష్టాలు ఉంటాయి, పైలట్లందరూ తిరిగొచ్చేశారు అన్నంతవరకే చెప్పారు. పడ్డాయి అన్న మాట సీడీఎస్, అంటే మూడు దళాలనీ కలిపి చూసే పెద్ద ఆఫీసరు, అనిల్ చౌహాన్ గారి నోట వచ్చింది మే 31న, అదీ సింగపూర్‌లో ఒక విదేశీ మీడియా ఇంటర్వ్యూలో. ఈలోపు పాకిస్తాన్ ఆర్మీ ప్రచార విభాగం ఐఎస్‌పీఆర్ తన లెక్క తాను ప్రపంచమంతా తిప్పీసింది. ఆ అంకె నిజమా కాదా అన్నది పక్కనపెట్టండి, మన వైపు నుంచి మాట లేనప్పుడు జనం చెవిలో పడేది వాళ్ళ మాటే కదా. ఎన్ని పడ్డాయో, ఎక్కడో చెప్పొద్దు, నష్టం ఉంది అని మన గడ్డ మీద మన జనానికి ముందే చెప్తే ఏ రహస్యం పోయేది?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మనదే. 2020 జూన్ 16న, గల్వాన్‌లో చైనా వాళ్ళతో ఘర్షణలో చనిపోయింది ముందు ముగ్గురన్నారు, ఆ రాత్రికే 20 మంది అని ఆర్మీయే చెప్పింది, అందులో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు ఉన్నారు. చైనా తన నలుగురి సంగతి బయటపెట్టింది 2021 ఫిబ్రవరిలో, అయినా ఇప్పటికీ ఆ నలుగురే అంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఇరవై మంది పోయారన్న మాట మింగుడుపడని మాటే, అయినా ఆ రోజే చెప్పారు కాబట్టి తర్వాత ఆర్మీ చెప్పిన ప్రతి మాటకీ బరువు వచ్చింది.

సునాబెడ క్వార్టర్స్:
రిపోర్టర్ అన్న చెప్పినదానికి నాదొక ముక్క. అక్క అడిగిన టీవీ వాళ్ళని ఆపడం అన్నది జరిగే పని కాదు, ఆపినా ఆ చోటు వాట్సాప్ తీసుకుంటుంది. అమెరికా వాళ్ళు 2003లో ఇరాక్‌కి వెళ్ళినప్పుడు వందలమంది రిపోర్టర్లని యూనిట్లతో పాటే ట్యాంకుల్లో ఎక్కించి తీసుకెళ్ళారు, లొకేషన్ చెప్పకూడదు, ఇంటికి కబురు అందకముందే చనిపోయినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు అని సంతకాలు పెట్టించుకుని. దానివల్ల చూపించినవి నిజమైనవే, కాకపోతే ట్యాంకు వైపు నుంచి ఏది కనిపిస్తే అదే చూపించారు, బాగ్దాద్ ఇళ్ళల్లో ఏమవుతోందో అందులో రాలేదు. అదీ పూర్తి మందు కాదు.

నాకు అసలు లోటు అనిపించేది వేరే. సిందూర్ బ్రీఫింగ్‌లో ఒకరు హిందీలో చెప్పారు, ఒకరు ఇంగ్లీష్‌లో చెప్పారు, బాగానే ఉంది. మన వైపు ముసలివాళ్ళకి ఆ రెండూ రావు. వాళ్ళకి చేరేది హైదరాబాద్ స్టూడియోలో కూచున్న యాంకర్ నోటి మాట. బ్రీఫింగ్‌లో టార్గెట్ చేశాం అన్నది తెలుగులోకి వచ్చేసరికి సర్వనాశనం చేసేశాం అయిపోతోంది. కేంద్ర గవర్నమెంటు సమాచార విభాగం పీఐబీ వాళ్ళు తెలుగులో ప్రెస్ నోట్లు ఇస్తారు, ఫ్యాక్ట్ చెక్ కూడా పెడతారు, కానీ అవి మా అమ్మమ్మ లాంటివాళ్ళ దాకా ఎప్పుడొస్తాయి? జవాన్లని పంపే ఊళ్ళన్నీ ఢిల్లీలో లేవు, ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, మా జయపురం వైపు ఎన్ని ఇళ్ళున్నాయో లెక్కపెట్టండి. ఆ అరగంట బ్రీఫింగే తెలుగు, ఒడియా వచ్చిన ఆఫీసరుతో ఆ వెంటనే ఇంకోసారి చెప్పిస్తే ఎంత ఖర్చవుతుంది? మన భాషల ఆఫీసర్లు మూడు దళాల్లోనూ ఉన్నారు కదా.

బరంపురం ఆడపడుచు:
అందరికీ చాలా థాంక్స్. రిపోర్టర్ అన్నయ్యా, మీరు చెప్పిన గల్వాన్ మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. సైరన్ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు, అది స్టూడియోదేనా?

పర్లాకిమిడి మాజీ సైనికుడు:
స్టూడియోలో కూడా వేశారమ్మా, అందుకే మే 10న సివిల్ డిఫెన్స్ వాళ్ళు మీడియాకి ప్రత్యేకంగా రాశారు, ప్రోగ్రాముల్లో ఎయిర్ రెయిడ్ సైరన్ వాడొద్దు, రోజూ అదే వింటే నిజంగా మోగినప్పుడు జనం పట్టించుకోరని.

సునాబెడ బాబు చెప్పినదానికి నా ఓటు. రిపోర్టర్ గారి మాట కూడా ఒప్పుకుంటాను, ఆపరేషన్ ముగిశాక నష్టం దాచడం వల్ల లాభం లేదు, జవాను ఎలాగూ ఇంటికొచ్చి చెప్తాడు. తల్లీ, మీ అమ్మగారికి ఒకటి చెప్పండి, మనవాడికి ఏమైనా అయితే ఆ కబురు ముందు టీవీలో రాదు, యూనిట్ నుంచి ఫోన్ వస్తుంది, లేకపోతే మనిషే ఇంటికొస్తాడు. ఫోన్ కలవలేదంటే చాలాసార్లు అర్థం, వాడిని ఫోన్ పక్కన పెట్టీమన్నారని. బ్రీఫింగ్ టైంకి టీవీ పెట్టండి, అది అవగానే కట్టీయండి, హిందీ వచ్చిన పిల్లలు పక్కన కూచుని ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.