పాత మారుతీ 800: బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది, ర్యాక్ మార్చాల్సిందేనా?

మల్కాజ్‌గిరి_800
మాది 2004 నాటి మారుతీ 800, నాన్నగారి బండి. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకుని ఇంకా నడుపుతున్నాం. ఈ మధ్య కాలనీలో స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటోంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద అరవై దాటితే తిన్నగా పోదు, స్టీరింగ్‌ను సవరిస్తూనే ఉండాలి. గట్టిగా బ్రేకు వేస్తే ఎడమకు లాగుతుంది. మా దగ్గరి మెకానిక్ కిందికి తొంగి చూసి, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) పోయింది, మొత్తం మార్చాలి అన్నాడు. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

స్విఫ్ట్_సుచిత్ర
లింక్ రాడ్లు (సస్పెన్షన్‌లోని చిన్న జోడింపు కడ్డీలు) చూపించండి. మా బండిలోనూ ఇలాగే టక్కుమనేది, అవి మార్చగానే పోయింది.

గ్రీజుగన్ను
సుచిత్ర గారూ, 800లో విడిగా లింక్ రాడ్లు ఉండవండీ. స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీ) కొనలు నేరుగా లోయర్ ఆర్మ్‌లోకే, అంటే చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేతిలోకే దిగుతాయి. ఇందులో ఆ బార్‌కు ఇంకో పని కూడా ఉంది: ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేది అదే. దాని కొనల దగ్గరి రబ్బరు బుష్‌లు అరిగాయనుకోండి, బ్రేకు వేసినప్పుడు ఆ వైపు చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది. బండి అటు లాగుతుంది. గుంతల్లో చప్పుడు, వేగంలో నిలకడ లేకపోవడం కూడా అక్కడి నుంచే వస్తాయి. మల్కాజ్‌గిరి గారు చెప్పిన మూడూ ఒక్క చోటి నుంచే రావచ్చు. మన ఎండలకు బండి నీడన నిలబడి ఉన్నా రబ్బరు గట్టిపడి పగులుతుంది, కిలోమీటర్లు తక్కువే తిరిగిందని దాన్ని వదిలేయకండి.

ర్యాక్ సంగతి తేల్చుకోవడం కష్టం కాదు. ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. ఇంకొకరు టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ చివరి జాయింట్) మీద వేళ్లు ఆనించి చూడాలి. అరిగిన జాయింట్ చేతికి తెలుస్తుంది. తర్వాత జాక్ మీద లేపి, కింద స్టాండ్ పెట్టి, చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపండి. అందులో లూజు ఉంటే టై రాడ్ ఎండో, ర్యాక్ లోపలి జాయింటో. పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు కనబడిందా, లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ. ఆ రెంటిలో ఏదో తేలాలంటే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. లూజు మాయమైతే బేరింగే.

ఇంకో మాట. లాగడమంతా సస్పెన్షన్ నెత్తిన వేయకండి. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా చూడండి. కాసేపు నడిపాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మరీ వేడిగా ఉంటే ఆ వైపు బ్రేకు క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పట్టేసి ఉంటుంది.

అంబాసిడర్_అల్వాల్
గ్రీజుగన్ను గారు చెప్పినదాంట్లో ర్యాక్ బూట్ల మాట రాలేదు. ముడతల రబ్బరు తొడుగు చిరిగితే వానాకాలంలో నీళ్లు, మట్టి లోపలికి పోయి ర్యాక్ తుప్పు పడుతుంది. తొడుగు ఖరీదెంత, ర్యాక్ ఖరీదెంత! ఏడాదికోసారి కిందికి వంగి చూస్తే చాలు.

మా అంబాసిడర్ తీరే వేరు. ముందు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్లు, చాలా చోట్ల గ్రీజు ఎక్కించే నిపిళ్లు. పాత మురికి గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనబడే దాకా కొట్టాలి. ఇప్పటి కుర్ర మెకానిక్‌లలో గ్రీజు గన్ను చేతబట్టిన వాళ్లే అరుదు. మొన్న ఒకరు నిపిల్‌ను బోల్టు అనుకుని విప్పబోయారు. కమాన్ల పనికి నేను ఆటోనగర్‌కే వెళ్తాను, లారీల కమాన్లు చేసే చేతులకు మన బండి ఆటబొమ్మ. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెడతామంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ వేడికి ఉక్కు బిరుసెక్కి పక్కనే మళ్లీ విరుగుతుంది. పని అయ్యాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి కమాన్లను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి.

రాణీగంజ్_రౌండ్లు
సామాన్ల గురించి భయపడకండి. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలతో హైదరాబాద్‌లో 800 అమ్మకం ఆగింది, 2014లో తయారీయే ఆగింది. అయినా రోడ్ల మీద ఇన్ని తిరుగుతున్నాయి కాబట్టి బుష్‌లు, టై రాడ్ ఎండ్‌లు రాణీగంజ్‌లో దొరుకుతాయి. పాత బుష్ చేతిలో పట్టుకుని వెళ్లండి. కంపెనీ డబ్బా అని చూపించినా రబ్బరును గోటితో నొక్కి చూడండి, నకిలీది ఒక్కోసారి డబ్బా కంటే అందంగా ఉంటుంది.

షాక్ అబ్జార్బర్ మార్చాల్సి వస్తే రెండు వైపులా కలిపి మార్చండి. ముందువి విప్పడానికి స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పనిముట్టు) కావాలి. తాళ్లతో కట్టి విప్పే దుకాణం ఒకటి చూశాను. బిగుసుకున్న ఆ స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణానికే ముప్పు.

మల్కాజ్‌గిరి_800
అందరికీ ధన్యవాదాలు. మా బావగారిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి కింద చూశాను. గాలి సరిగానే ఉంది, చక్రాలు వేడెక్కడం లేదు. టై రాడ్ ఎండ్‌లలో లూజు లేదు, ర్యాక్ బూట్లు చెక్కుచెదరలేదు. ఎడమవైపు స్టెబిలైజర్ బుష్ మాత్రం సగం ఊడి వేలాడుతోంది! లోయర్ ఆర్మ్ లోపలి బుష్ కూడా పగిలింది. ర్యాక్ జోలికి పోవడం లేదు. రెండు వైపులా బుష్‌లు తెచ్చాను, వేరే మెకానిక్‌తో వేయిస్తున్నాను. అతనికి ప్రత్యేకంగా ఏమైనా చెప్పాలా?

గ్రీజుగన్ను
ఒక్కటి తప్పకుండా చెప్పండి. లోయర్ ఆర్మ్ లోపలి బోల్టు చక్రం గాలిలో వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. బండిని దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి కొద్ది నెలలకే చిరుగుతుంది. కొత్త బుష్ నాసిరకమని జనం తిట్టుకునే వాటిలో సగం ఇలా పోయినవే అని నా అనుమానం.

తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. ఈ బండిలో సర్దగలిగేది టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) ఒక్కటే. క్యాంబర్ (ఎదుటి నుంచి చూస్తే చక్రం నిలువుకు వాలిన తీరు) తేడా ఉందని చెబితే ఏదో వంగిందనో అరిగిందనో అర్థం. కొన్ని చోట్ల జాక్ పెట్టి వంచి లెక్క సరిచేస్తారు, ఒప్పుకోకండి.

మల్కాజ్‌గిరి_800
పని అయింది. చప్పుడు పోయింది, బ్రేకు వేస్తే తిన్నగా ఆగుతోంది. అయితే అలైన్‌మెంట్ తర్వాత బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ వీల్ కాస్త కుడికి వాలి ఉంటోంది. దుకాణంలో వీల్ ఊడదీసి తిప్పి పెడతామంటున్నారు.

అంబాసిడర్_అల్వాల్
వద్దు. స్టీరింగ్ వీల్‌ను కదపకుండా తిన్నగా పట్టి, టై రాడ్లను ఒకటి పొడుగు, ఇంకొకటి పొట్టి అయ్యేలా రెండు వైపులా సమానంగా తిప్పమనండి. టో మారదు, వీల్ మధ్యకు వస్తుంది. డబ్బులిచ్చారు కదా, మళ్లీ అడగడానికి మొహమాటపడకండి.